గోడ లోపల ఎంతమంది?

(ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

హైదరాబాద్ తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే ఐడీపీఎల్ తెలుసు, ఆల్విన్ కాలనీ తెలుసు. అవేంటి? "బస్టాపులు సార్" అంటున్నాడు వెనక బెంచీ అబ్బాయి. (నవ్వులు) తప్పేం లేదు నాన్నా, ఇప్పుడు బస్టాపులే. ఒకప్పుడు ఒకటి మందుల ఫ్యాక్టరీ, రెండోది ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ వాచీలూ చేసిన ఫ్యాక్టరీ. వాటి గురించి చెప్తే మీ సార్ అడిగిన దాంట్లో సగం చెప్పినట్టే.

మీ సార్ ఏమన్నారంటే, దేశీ వస్తువులే కొనాలా, బయటి సరుకు మీద సుంకం వేసి మనవాళ్లని కాపాడుకోవడం మంచిదా చెడ్డదా, పిల్లలకి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. నేను ఎకనామిక్స్ చదువుకోలేదు. జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, అంటే మాత్రల్లోకి వెళ్లే అసలు మందు పొడి తయారుచేసే చోట, పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఇరవై ఆరేళ్లు చేశాను. కొనడమే నా ఉద్యోగం, కాబట్టి కొనేవాడికి కనిపించినంత వరకే చెప్తాను.

ముందు ఆల్విన్. 1942లో, నిజాం కాలంలో పుట్టిన కంపెనీ. హైదరాబాద్‌లో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులకి బాడీలు కట్టింది. తర్వాత ఫ్రిజ్‌లు, ఎనభైల్లో జపాన్ వాళ్ల సీకోతో కలిసి వాచీలు. మా మేనత్త వాళ్లింట్లో ఆల్విన్ ఫ్రిజ్ ముందుగదిలో ఉండేది, ఎందుకంటే వంటింట్లో పెడితే వచ్చినవాళ్లకి ఎలా కనపడుతుంది? దాని మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ. తలుపు తీస్తే లోపల మంచినీళ్ల సీసాలు తప్ప ఏమీ ఉండేవి కావు, అది వేరే సంగతి.

అప్పుడు బయటి ఫ్రిజ్ ఇక్కడికి రావడమంటే మాటలు కాదు. దిగుమతికి లైసెన్స్ కావాలి. వచ్చినా సుంకం మోత. 1991కి ముందు కొన్ని వస్తువుల మీద కస్టమ్స్ సుంకం 355 శాతం దాకా ఉండేది. అంటే వంద రూపాయల వస్తువు తెచ్చుకుంటే సుంకమే మూడొందల యాభై అయిదు. పీవీ గారు ప్రధానిగా ఉన్నప్పుడు, 1991 జులై బడ్జెట్‌లో మన్మోహన్ సింగ్ గారు ఆ గరిష్ఠ సుంకాన్ని 150కి దించారు. 150కి దించితేనే దేశం అమ్ముడుపోయిందని గోల చేసినవాళ్లున్నారు.

ఇది మీ పుస్తకాల్లో ఉంటుంది. ఉన్నా ఎవరూ నొక్కి చెప్పనిది ఒకటుంది. ఆ సుంకాల గోడ బయటివాడికి ఒక్కడికే కాదు, లోపల ఇంకో గోడ ఉండేది. ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్స్, ఏడాదికి ఎన్ని చేయాలో ఆ కాగితంలోనే రాసి ఉండేది, అంతకంటే ఎక్కువ చేస్తే నేరం. మళ్లీ చెప్తాను, ఎక్కువ తయారు చేస్తే నేరం! ఇక కొత్తవాడు లోపలికి రాలేడు, ఉన్నవాడు పెరగలేడు, కొనేవాడు మాత్రం క్యూలో నిలబడాలి. స్కూటర్ బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూపు, ఆ బుకింగ్ రసీదునే ఎక్కువ రేటుకి అమ్ముకుని బాగుపడినవాళ్లున్నారు. అలాంటి చోట ఫ్రిజ్ బాగుచేయాలని ఎవడికి పుడుతుంది చెప్పండి? తలుపులు తెరుచుకున్నాక ఆల్విన్ ఫ్రిజ్‌లు తొంభైల మొదట్లో వోల్టాస్ చేతికి వెళ్లిపోయాయి. ప్రభుత్వ యాజమాన్యం వల్ల పోయిందని కొందరు, కావాలని పోగొట్టారని కొందరు అంటారు. రెండూ కొంత నిజమే అయ్యుండొచ్చు.

ఇప్పుడు ఐడీపీఎల్. 1961లో కేంద్ర ప్రభుత్వం సోవియట్ యూనియన్ సాయంతో పెట్టింది. రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్, మన దగ్గర బాలానగర్ పక్కన సింథటిక్ మందులు. అదీ ఖాయిలా పడింది, 1992లో ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బోర్డు బీఐఎఫ్ఆర్‌కి వెళ్లింది. ఇక్కడిదాకా ఆల్విన్ కథే. కానీ ఆల్విన్ పోయాక హైదరాబాద్‌లో ఫ్రిజ్‌ల పరిశ్రమ మిగల్లేదు, ఐడీపీఎల్ పోయినా మందుల పరిశ్రమ పోలేదు సరికదా పదింతలైంది. ఎందుకు? నా ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నేను ఆలోచించిన పెద్ద విషయం ఏదైనా ఉందంటే ఇదే.

1970లో మన పేటెంట్ చట్టం మారింది, 72లో అమల్లోకొచ్చింది. అంతకుముందు 1911 నాటి బ్రిటిష్ చట్టం. మందు కనిపెట్టినవాడికి మందు మీదే హక్కు. మందులన్నీ విదేశీ కంపెనీల చేతిలో. అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీ అని ఒకటి 1960ల మొదట్లో లెక్కలు తీసి, యాంటీబయాటిక్స్ రేట్లు ప్రపంచంలో చాలా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని తేల్చింది. మనలాంటి బీద దేశంలో! కొత్త చట్టం ఏమందంటే, మందు మీద పేటెంట్ లేదు, తయారు చేసే పద్ధతి మీదే ఉంటుంది, అదీ కొద్ది ఏళ్లే. అంటే పులిహోర మీద ఎవడికీ హక్కు లేదు, మీ అమ్మ వేసే పోపు మీద మాత్రమే హక్కు. ఇంకో పోపు వేసుకుని మనం కూడా పులిహోర చేసి అమ్ముకోవచ్చు.

అది చూసి ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులు బయటికొచ్చి సొంత యూనిట్లు పెట్టారు. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, ఎక్కడ చూసినా మందులు తయారుచేసే పెద్ద పాత్రలు, రియాక్టర్లే. ఆ చట్టం కట్టిన గోడ ఉంది, కానీ లోపల ఒకటే మందుకి పదిమంది కొట్టుకుంటున్నారు. పైన ప్రభుత్వం మందుల ధరల నియంత్రణ అని నెత్తిన కూర్చుంది. నేను చేరిన కొత్తల్లో మా రోడ్డులోనే ఒక మందుకి నలుగురం. మా కొత్త రేటు మా సేల్స్ వాళ్లకంటే ముందు పక్క కంపెనీ గేటు దగ్గర టీ కొట్టులో తెలిసిపోయేది. కిలోకి రెండు రూపాయలు మిగల్చడానికి రాత్రిళ్లు ఆర్ అండ్ డీ వాళ్లు నిద్రపోలేదు. అలా రాటుదేలినవాళ్లు కాబట్టే 2001లో ముంబై సిప్లా కంపెనీ హెచ్ఐవీ మందుల్ని ఒక రోగికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని చెప్పగలిగింది. అప్పటికి పెద్ద కంపెనీలు అదే వైద్యానికి పదివేల డాలర్ల పైన తీసుకుంటున్నాయి. 2005లో మళ్లీ మందుల మీద పేటెంట్లు వచ్చాయి, గోడ తీసేశారు. కొంతమంది పడిపోయారు, గట్టివాళ్లు నిలబడ్డారు.

కాబట్టి ఎవరైనా మన పరిశ్రమకి రక్షణ కావాలంటే నేను వెంటనే అడిగేది ఇదే: లోపల ఎంతమంది ఉన్నారు బాబూ? ఇద్దరే ఉంటే అది రక్షణ కాదు, మన జేబులకి కన్నం. ఎప్పుడు తీసేస్తారో తేదీ చెప్పకపోతే ఇంకా అనుమానం.

ఈ గోడలు కట్టడం మన సోషలిస్టు కాలం పిచ్చి అనుకునేవాళ్లుంటారు. కాదు. ఇంగ్లండ్‌ వాళ్లని అడగండి. మచిలీపట్నంలో 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు దుకాణం తెరిచారు. మన అద్దకం గుడ్డలు, చీటీ గుడ్డలు అనేవాళ్లం కదా, లండన్‌లో దొరసానులంతా వాటి మీద పడ్డారు. ఉతికినా రంగు పోదు, ఉన్నికంటే తేలిక. అక్కడి నేతగాళ్లు లబోదిబోమన్నారు. 1700లో పార్లమెంటు ఆసియా నుంచి వచ్చే అద్దకం గుడ్డల్ని నిషేధించింది. అది చాలక 1719లో లండన్ వీధుల్లో అద్దకం గౌను వేసుకున్న ఆడవాళ్ల బట్టలు చింపేశారు, సిరా, యాసిడ్ పోశారు. 1721లో ఇంకో చట్టం, అసలు కట్టుకోవడమే తప్పని. ఫ్రాన్స్ అయితే 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఆ గోడ చాటున వాళ్లు అద్దకం నేర్చుకున్నారు, నూలు వడకడానికి యంత్రాలు చేసుకున్నారు, ఆ తర్వాత మనకొచ్చి స్వేచ్ఛా వాణిజ్యం మీద ఉపన్యాసాలు ఇచ్చారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే అదే. వాళ్ల మీద కోపంతో చెప్పట్లేదు. మచిలీపట్నం అద్దకంవాడికి ఆ చట్టం గురించి ఎవడైనా ఉత్తరం రాశాడా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు నా పాపం ఒకటి చెప్తాను. మందు తయారీలో ఇంటర్మీడియట్ అని ఉంటుంది. మీరు మొన్న పాసైంది కాదు. (నవ్వులు) మందుకి ఒక మెట్టు ముందు సరుకు. గడ్డపోతారంలో ఒక చిన్న యూనిట్ నుంచి కొనేవాళ్లం. భార్యాభర్తలు నడిపేవాళ్లు, ఆయన కెమిస్టు, ఆవిడ లెక్కలు. ఒకరోజు చైనా సరుకు ఏజెంటు వచ్చి కిలోకి నలభై రూపాయలు తక్కువ కోట్ చేశాడు. నెలకి నాలుగు టన్నులు మాది. లెక్కేసుకోండి, లక్షా అరవై వేలు. కాగితం మీద వేసి పైన చూపించాను, శభాష్ అన్నారు, ఆ ఏడు ఇంక్రిమెంట్ కూడా వచ్చింది. ఆ దంపతులకి సగం ఆర్డర్లు మావే. ఏడాదిన్నరకి షెడ్డు మూసేశారు. మూసిన ఆరు నెలలకి చైనా రేటు పెరిగింది, ఎంత పెరిగిందంటే గడ్డపోతారం పాత రేటు దాటిపోయింది. మళ్లీ లోకల్‌గా ఎవరైనా చేస్తారా అని ఫోన్లు చేశాను. ఎవరు చేస్తారు?

ఇది విని దేశభక్తి పొంగిపోనక్కర్లేదు. ఆ యూనిట్ సరుకు ఎప్పుడూ చెప్పిన తేదీకి రాలేదు. తేమ ఎక్కువుందని నేనే రెండు లాట్లు వెనక్కి పంపాను. మా ప్లాంటు రెండుసార్లు ఖాళీగా కూర్చుంది వాళ్ల వల్ల. చైనా డ్రమ్ము తెరిస్తే ప్రతిసారీ ఒకటే రంగు, ఒకటే తేమ, కాగితాలు పక్కాగా. మనవాళ్లు కదా అని ఎన్నిసార్లు ఓర్చుకుంటాం? దేశీ సరుకు కొనమనేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఈ కథే పెద్ద సైజులో పెన్సిలిన్ జి. అమాక్సిసిలిన్ క్యాప్సూల్ మీరంతా మింగి ఉంటారు, దానికి మూలం అదే. పెద్ద పెద్ద ట్యాంకుల్లో బూజుని పులియబెట్టి తీయాలి, గ్లూకోజు కావాలి, కరెంటు చవగ్గా కావాలి, సైజు బాగా పెద్దదైతే తప్ప గిట్టదు. ఒకప్పుడు మన దేశంలో చేసేవాళ్లు. చైనా రేట్లు పడేసింది, ఒక్కొక్కరూ మూసుకున్నారు, చివరికి మొత్తం అక్కడి నుంచే. క్యాప్సూల్ మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉంటుంది, అబద్ధం కాదు, లోపలి పొడికి మూలం మాత్రం అక్కడిది. 2020 మొదట్లో కరోనాకి చైనాలో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు మాకు పట్టిన టెన్షన్ ఏమని చెప్పను. ఆ మార్చిలో మన ప్రభుత్వం పారాసెటమాల్‌తో కలిపి 26 రకాల మందులు, ముడిసరుకులు బయటికి పంపకుండా ఆంక్ష పెట్టింది. చూశారా, భయం వేస్తే ఎవరైనా గోడే కడతారు. ఆ ఏడాదే బల్క్ డ్రగ్స్ ఇక్కడే చేయించడానికి 6,940 కోట్లతో పీఎల్ఐ పథకం, అంటే ఇక్కడ తయారుచేసి అమ్మినదాన్ని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే పథకం, తెచ్చారు. దాని కిందే అరబిందో వాళ్లు కాకినాడ దగ్గర పెన్సిలిన్ జి ప్లాంటు కట్టారు, 2024లో ప్రారంభమైంది.

కట్టగానే ఏమైంది? చైనా రేటు తగ్గిపోయింది. అప్పుడు ఇక్కడ చేసేవాళ్లు దిగుమతికి కనీస ధర పెట్టండి అన్నారు. ఆ పొడి కొని క్యాప్సూల్స్ చేసే కంపెనీలు వద్దు బాబోయ్, మా ఖర్చు పెరుగుతుంది, మేం అమ్మే ధర ప్రభుత్వం చేతిలో ఉంది అన్నాయి. ఇద్దరూ భారతీయులే, ఇద్దరూ మేక్ ఇన్ ఇండియానే. ఎవరిని కాపాడతారు? నేను ఇంకా ఆ కుర్చీలో ఉంటే చవకదే కొంటాను, నిజం చెప్తున్నాను. ఎండీ ముందు కాగితం పెట్టాల్సింది నేనే కదా. అందుకే ఒక మందు దేశానికి ప్రాణం మీద విషయమైతే ఆ నిర్ణయం పర్చేజ్ మేనేజర్‌కి వదలకూడదు. కొంత ధర ఎక్కువైనా ఒక ప్లాంటు బతికుండాలి, ఆ తేడా ప్రభుత్వం బడ్జెట్‌లోంచి కనపడేలా ఇవ్వాలి. సుంకం రూపంలో వేస్తే ఎవరు కట్టారో తెలియకుండా జ్వరం వచ్చినవాడు కడతాడు.

ఇంకోటి, ఇది మాట్లాడకపోతే తప్పవుతుంది. సరుకు ఇక్కడ తయారైతే మురుగూ ఇక్కడే. మేం బతికిన ఆ పటాన్‌చెరు, బొల్లారం యూనిట్ల కింద నక్కవాగు ఉంది, మంజీరలో కలుస్తుంది. ఆ వాగు నీళ్లు ఏ రంగులో పారాయో, రైతులు ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారో అక్కడివాళ్లని అడగండి. ఇరవై ఏళ్లు చైనా నుంచి కొన్నామంటే ఆ మురుగు కూడా వాళ్ల వాగులో వదిలామన్నమాట. 2025లో నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కు వద్దని రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. వాళ్లని అభివృద్ధి నిరోధకులు అనడం తేలిక. సముద్రం మీద బతికేవాడు మాట్లాడుతున్నాడు, వినాలి.

పామాయిల్ గురించి కొంచెం. మీలో ఏలూరు వైపు వాళ్లు, అశ్వారావుపేట, దమ్మపేట వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. అమ్మా, గెలలు టన్ను ఎంతుంది ఇప్పుడు? సరే తర్వాత చెప్పు. మన వంటనూనెలో సగానికి పైగా బయటిదే. 2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిల్ మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, పండగల ముందు. రైతు సంతోషించాడు, పిండివంటలు చేసే ఇల్లాలు తిట్టుకుంది. 2025 మే చివర్లో దాన్ని 10కి తగ్గించారు, ఈసారి తిట్లు తారుమారు. ఎవరి బాధ వాళ్లది, నేను అర్థం చేసుకోగలను. కానీ పామాయిల్ మొక్క పెడితే నాలుగో ఏట గాని కాపు సరిగా రాదు, పాతికేళ్ల పైన ఉంటుంది. సుంకం తొమ్మిది నెలలు కూడా నిలవలేదు. ఎక్కువో తక్కువో ఏదో ఒకటి చెప్పి దాని మీద నిలబడితే రైతు లెక్క వేసుకుంటాడు.

ఇక రొయ్య. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది, భీమవరంలో గుండెలు గుభేలుమన్నాయి. మందులకి మాత్రం మినహాయింపు ఇచ్చింది, వాళ్ల రోగులకి మన మాత్రలు కావాలి కదా. మనకి కోపం వచ్చింది, రావాల్సిందే. అయితే అమెరికాలో లూసియానా తీరంలో పడవేసుకుని సముద్రంలో రొయ్యలు పట్టేవాళ్లున్నారు. మన చెరువు రొయ్య చవగ్గా వచ్చి వాళ్ల పడవలు ఒడ్డున కూర్చున్నాయి. 2005 నుంచే వాళ్ల గోల మీద మన రొయ్యకి యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా తెచ్చి పడేస్తున్నారని వేసే సుంకం, ఉంది. వాళ్ల లెక్కలో మనమే చైనా. గడ్డపోతారం దంపతులు గుర్తొస్తారు నాకు వాళ్ల గురించి చదివితే.

అంతే, నేను అనుకున్నవి అయిపోయాయి. ఎవరైనా ఏమైనా అడుగుతారా?

(ఒక విద్యార్థి: సార్, మరి మీది ఏ ఫోన్?)

పెట్టె మీద మేడ్ ఇన్ ఇండియా అనే ఉంది బాబూ. (నవ్వులు) లోపల చాలా ముక్కలు బయటివే. కానీ ఆ బిగించే పని చేస్తున్నది మన పిల్లలు, ఆ జీతం ఇక్కడే ఖర్చవుతుంది. ఏమీ లేనిదానికంటే అది మేలు. ముక్కలు కూడా ఇక్కడ చేసే రోజు వస్తుందా అంటే, మళ్లీ అదే, లోపల ఎంతమంది పోటీ పడుతున్నారో చూడాలి.

(ఒక అధ్యాపకురాలు: చేనేత గురించి అసలు మాట్లాడలేదు మీరు. అదైనా కళ్లు మూసుకుని కొనొచ్చు కదండీ?)

కళ్లు తెరిచే కొనాలి మేడమ్. పోచంపల్లి మగ్గానికి పోటీ చైనా కాదు, మన దేశంలోని మిల్లులే. 1985లో చేనేతకి రిజర్వేషన్ చట్టం చేశారు, 22 రకాలు మగ్గం మీదే నేయాలని, తర్వాత 11కి తగ్గించారు. పడుగూ పేకా ముడులు కట్టి రంగులద్ది నెలల తరబడి చేసే డిజైన్‌ని మిల్లు గుడ్డ మీద ప్రింట్ కొట్టి పదో వంతు ధరకి పోచంపల్లి అని అమ్ముతున్నారు. ప్రింటు కొనడం తప్పేం కాదు, అందరి దగ్గరా వేలు ఉండవు. ప్రింటుకి మగ్గం ధర ఇవ్వడమే మోసపోవడం. మా ఆవిడకి నేను అలాగే ఒకటి కొనిచ్చాను, పర్చేజ్‌లో ఇరవై ఆరేళ్లు చేసినవాణ్ణి!

(అధ్యాపకురాలు: మరి తెలియడం ఎలా?)

వెనక్కి తిప్పి చూడండి. దారానికే రంగు వేసి నేస్తారు కాబట్టి అసలుదైతే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటైతే వెనక వెలిసిపోయినట్టు ఉంటుంది. మీరు కట్టుకున్నది అదే కదా, కొంగు ఒకసారి తిప్పండి. అదీ, చూశారా పిల్లలూ, ముందూ వెనకా ఒకటే. అసలుదే. ఎంతకి కొన్నారు మేడమ్?

(అధ్యాపకురాలు: నేను కొనలేదండీ, మా అత్తగారు పెట్టారు.)

అయితే రేటు ఆవిడనే అడగాలి. (నవ్వులు)